రేపటి జాబితా ఎల్లుండి వచ్చేది

నాకు కోపం ఎక్కువ. పొగరు కూడా ఉండేది. ఈ రెండూ ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది. జహీరాబాద్‌లో చెరుకు ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ నేను ఎవరి దగ్గరా ఒక బెల్లం ముద్ద కూడా పుచ్చుకోలేదు. నిక్కచ్చి మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరే మా అన్న కొంప ముంచింది.

మిల్లు పేరు చెప్పను. చిన్న చక్కెర మిల్లు, ఇప్పుడు లేదు కూడా. మిల్లు ఊరి బయట ఉంటే, చెరుకు ఆఫీసు ఊళ్లో బస్టాండు వెనక ఉండేది. డెబ్బైల చివర్లో నేను అక్కడ టైపిస్టుగా చేరాను. మాది ఝరాసంగం దిక్కు పల్లె. నా చిన్నప్పుడే నాయన పోతే అన్నే నన్ను సాకాడు. ఆడపిల్లకు టైపు ఎందుకని ఊరంతా నవ్వుతుంటే, ప్రతి సోమవారం నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని జహీరాబాద్ దాకా తొక్కి, మేనత్త ఇంట్లో దించిపోయేవాడు. శనివారం మళ్లీ వచ్చి తీసుకుపోయేవాడు. ఎగువ వచ్చిన చోట తాను దిగి సైకిల్ తోసేవాడు గానీ నన్ను దిగనిచ్చేవాడు కాదు. ఆ చదువుతోనే నాకు ఉద్యోగం వచ్చింది.

చెరుకు నాటడం ఎవరికైనా చేతనవుతుంది. కోయించుకోవడమే కష్టం. మిల్లు రోజుకు ఇంతే ఆడుతుంది. తోటలేమో అన్నీ ఒక్కసారే పక్వానికి వస్తాయి. ఆఫీసు నుంచి కటింగ్ ఆర్డర్ చిట్టీ వస్తేనే మరాఠీ కూలీల కోత టోలీ, అంటే గుంపు, తోటలో దిగుతుంది. చిట్టీ లేని చెరుకును మిల్లు గేటు దగ్గరే తిప్పి పంపుతారు. వంతు నెల ఆలస్యమైతే చెరుకు పూతకొస్తుంది, బెండు బారుతుంది, బావిలో నీళ్లు లేకపోతే నిలువునా ఎండుతుంది. నేను చేరినప్పుడు ఆ వంతులన్నీ చెరుకు ఆఫీసర్ జేబులోని నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసి ఉండేవి. పెన్సిల్ రాతకు రబ్బరు ఉంటుంది కదా. పలుకుబడి ఉన్నవాళ్ల తోటలు సంక్రాంతి లోపల అయిపోయేవి, లేనివాళ్లవి ఉగాది దాటినా నిలబడే ఉండేవి.

దీన్ని మార్చింది ఒక కంప్యూటరు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మా ఆఫీసులో రిజిస్టర్లు రాసే ఒక పెద్దాయన. అందరం ఆయన్ని సాబ్ అనేవాళ్లం. ఉర్దూ మీడియంలో చదివినవాడు, అప్పటికే యాభై దాటినవాడు. ఎనభైల మొదట్లో యాజమాన్యం ఎవరి మాటో విని ఒక కంప్యూటరు కొని, దాని కోసం ఏసీ గది కట్టి, వాడేవాళ్లు లేక గుడ్డ కప్పి పెట్టింది. సాబ్ ఆ గుడ్డ తీశాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని దాంతో వచ్చిన పుస్తకాలు చదివాడు. అది సీపీఎం అనే ఆపరేటింగ్ సిస్టం మీద నడిచే యంత్రం. ఆ పేరు విని ఆఫీసర్, "ఇండ్ల గూడ ఎర్రజెండా మోపైందా సాబ్," అని ఆటపట్టించేవాడు. రెండు వానకాలాలు కూర్చుని సాబ్ దానికి ఒక ప్రోగ్రాం రాశాడు.

ఆ ప్రోగ్రాంలో ప్రతి తోటకూ నాటిన తేదీ, చెరుకు రకం, తోటలు తిరిగే ఫీల్డ్‌మన్ తీసుకొచ్చిన తీపి కొలత ఉండేవి. నాటిన తేదీని నలుగురు పెద్దల ముందు పొలంలోనే రాసేవారు కాబట్టి అది మార్చడానికి లేదు. మధ్యాహ్నం మేము ఆ రోజు తేదీ కొట్టి మొదలుపెడితే, అది ప్రతి తోటను మిగతా తోటలన్నిటితో పోల్చి, వరుస కట్టి, రేపు మిల్లు ఆడగలిగినంత చెరుకుకు చిట్టీలు అచ్చు వేసేది. మూడు గంటలు పట్టేది. నాలుగింటికి ఫీల్డ్‌మన్లు సైకిళ్లు గోడకు ఆనించి కిటికీ దగ్గర నిలబడేవారు.

అందులో రైతు పేరు ఉండదు, తోట నంబరే ఉంటుంది. మొదటి ఏడు కోహీర్ దిక్కు నుంచి ఒక పెద్ద భూస్వామి వచ్చి తన తోట ముందు పెట్టమన్నాడు. సాబ్ కుర్చీ లాగి తెర ఆయన వైపు తిప్పాడు.

"మీరే చూడుండ్రి. గిండ్ల పేర్లు లెవ్వు, నంబర్లే. మీది ఏ నంబరో నాకు గూడ తెల్వది," అన్నాడు.

ఆయన మేనేజర్ దగ్గరికి పోయాడు. మేనేజర్ సాబ్‌ను పిలిపించాడు. సాబ్ మళ్లీ అదే చెప్పాడు. చివరికి మేనేజరే ఆయనతో, "మిషన్ ఒప్పుకుంటలేదండి," అన్నాడట. ఆ ఏడంతా ఆ మాట ఆఫీసులో అందరి నోటా నానింది. ఎవరొచ్చి ఏం అడిగినా మిషన్ ఒప్పుకోవడం లేదనేవాళ్లం. దానికి మించిన సుఖం లేదు. ఒకసారి నేను, ఎంత తెలివైన ప్రోగ్రాం రాశారు సాబ్ అంటే ఆయన ఒప్పుకోలేదు.

"తెలివి ఏం లేదు బిడ్డా. దానికి చుట్టాలు లేరు, గంతే," అన్నాడు.

నేను ఆ యంత్రం దగ్గర ఆపరేటర్‌నయ్యాను. తోటల వివరాలన్నీ కొట్టింది నేనే. ప్రోగ్రాం రాయడం మాత్రం నాకు రాదు, నేర్చుకోలేదు. సాబ్ నేర్పుతానంటే రేపు, ఎల్లుండి అని దాటేశాను. ఆయన ఎప్పటికీ అక్కడే ఉంటాడనుకున్నాను కాబోలు.

ఇక మా అన్న సంగతి. అతనికి రెండెకరాలు, ఒక బావి. జొన్న, కంది వేసేవాడు. చెరుకు వేద్దామని ఎన్నాళ్లుగానో ఆశ, కానీ కోత వంతు రాదని భయం. మూడేళ్లు ఆ ప్రోగ్రాం ఎట్లా నడుస్తుందో చూశాక నేనే అతన్ని ఎగదోశాను.

"వెయ్ అన్నా. ముందుగాల నాటినోడిది ముందుగాల కోస్తరు. నీ వంతు ఎవ్వడు తినడు, నేను చెప్తున్న గద," అన్నాను.

"పక్కానా చెల్లె? బాయిల నీళ్లు మాఘమాసం దాంక్‌నే ఉంటయ్. గా లోపట కొయ్యకుంటె గడ్డే మిగులుతది."

"మిషన్ల చుట్టరికం లేదన్నా," అని సాబ్ మాట అప్పు తెచ్చుకుని చెప్పాను.

అన్న తొందరపడే మనిషి కాదు. ఇంకో రెండేళ్లు ఆలోచించి, రెండెకరాల్లోనూ చెరుకు నాటాడు. తిండికని ఒక మడి జొన్న కూడా ఉంచుకోలేదు. అతను నాటిన తేదీ మా రిజిస్టర్‌లో ఆ దిక్కున అందరికంటే ముందున్నది. నా చేతులతో నేనే దాన్ని యంత్రంలోకి ఎక్కించాను. ఆ చెరుకు సమయానికి తెగితే అన్న సేద్యం నిలబడుతుంది. తెగకపోతే అతని చేతిలో ఏమీ మిగలదు. అంతా తేటగా కనిపిస్తూనే ఉంది. నాకు ఇసుమంత భయం కూడా వేయలేదు.

ఆ వానకాలమే అన్నీ ఒకదాని వెంట ఒకటి కూలాయి. సాబ్‌కు చక్కెర బీమారి కళ్లకెక్కింది. తెర మీద అక్షరాలు కనపడక ఉద్యోగం మాని ఇంట్లో కూర్చున్నాడు. ఆయన ప్రోగ్రాం రాసుకున్న పెద్ద ఫ్లాపీలకు బూజు పట్టి పాడయ్యాయి. ఇక మిగిలింది యంత్రం అర్థం చేసుకునే రూపం ఒక్కటే. అది నడుస్తుంది గానీ, దాన్ని విప్పి చదవడం, మార్చడం ఎవరి తరమూ కాదు. యంత్రం కూడా ముసలిదైపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, విడిభాగాలు దొరకవు. యాజమాన్యం ఒక కొత్త కంప్యూటరు కొనిచ్చి, ఇక దీని మీద నడుపుకోండి అంది.

కొత్తది డాస్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం మీద నడిచేది. తెల్లగా, ముచ్చటగా ఉండేది. సాబ్ ప్రోగ్రాం దాని మీద నడవదని దాన్ని బిగించినవాళ్లు చెప్పారు. సీపీఎం కోసం పుట్టిన ప్రోగ్రాం డాస్‌కు పనికిరాదని నాకు అప్పుడే తెలిసింది. కంప్యూటర్లన్నీ ఒకటే అనుకున్నాను. మా మేనేజరూ అదే అనుకున్నాడు, కొనకముందు సాబ్‌ను ఒక్క మాట అడిగితే ఆయన చెప్పేవాడు. ఎవరూ అడగలేదు.

హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడే గానీ పని తెలిసినవాడు. ఒక చిన్న ఫ్లాపీ తెచ్చాడు. ఎమ్యులేటర్ అంటారని చెప్పాడు.

"ఇది కొత్త మిషన్ల పాత మిషన్ లెక్క యాక్టింగ్ చేస్తది మేడం. మీ ప్రోగ్రాం అనుకుంటది, నేను పాత ఇంట్లనే ఉన్నా అని. అది అడిగిన ఒక్కొక్క మాటను ఇది డాస్‌కు అర్థమయ్యేటట్టు చెప్పి, జవాబు తెచ్చి ఇస్తది," అన్నాడు.

పాత ఫ్లాపీలు కొత్త దానిలో దూరవు కాబట్టి, రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి ఒక తీగతో కలిపి, ప్రోగ్రాంనూ తోటల వివరాలన్నిటినీ ఒకదాని నుంచి ఒకదానికి పంపించాడు. రెండు రోజులు పట్టింది. మేం గది తలుపు మూసుకుని, తీగను ఎవరూ తొక్కకుండా కాపలా కాశాం. పంపడం అయిపోయిన వారానికి పాత యంత్రంలోంచి కాలిన వాసన వచ్చింది. మళ్లీ అది వెలగలేదు.

ఎమ్యులేటర్ మొదలుపెట్టే రోజు సాబ్‌ను రిక్షాలో పిలిపించాను. నా మోచేయి పట్టుకుని లోపలికి వచ్చి, తన పాత కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఇంజనీరు మీటలు నొక్కాడు. తెర ఒక్కసారి చీకటై, పాత యంత్రంలో కనపడినట్టే ఎడమ మూల ఇంగ్లీషు 'ఏ' అక్షరం, దాని పక్కన బాణం గుర్తు కనిపించాయి.

"ఏమొచ్చింది బిడ్డా?"

"'ఏ' పక్కన బాణం సాబ్. మనదే."

ఆయన జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నేను ప్రోగ్రాం పేరు కొడితే అది తేదీ అడిగింది, ఎప్పటిలాగే. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. చచ్చిన మనిషి లేచి కూర్చుని నీళ్లడిగినట్టు ఉంది.

తేదీ కొట్టినప్పుడు పన్నెండు గంటలు. ఎన్ని తోటలు పోల్చిందో తెర మీద అంకె కనిపిస్తూ ఉంటుంది. పాత యంత్రంలో ఆ అంకె పరుగెత్తేది. ఇందులో పాకింది. నాలుగింటికి ఫీల్డ్‌మన్లు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. అప్పటికి ఐదో వంతు కూడా కాలేదు. ఇంజనీరు కాగితం మీద లెక్క వేశాడు.

"ఒక్క మాటకు ఏడెనిమిది మాటలు ఖర్చైతున్నయ్ మేడం. గిట్లనే పోతె రేపు పొద్దుగాల పదింటికి అయితది," అన్నాడు.

"తప్పు పోతదా?" అని సాబ్ అడిగాడు.

"తప్పు పోదు సాబ్. ఆలస్యమే."

పొద్దున పదింటికి ఆ రోజు చిట్టీలు చేతికొచ్చి ఏం లాభం? టోలీలు తెల్లవారకముందే బండ్లు కట్టుకుని తోటల్లోకి పోవాలి. రేపటి జాబితా మాకు ఎల్లుండికి పనికొస్తుంది. ఎల్లుండికి మిల్లు లెక్కా మారిపోతుంది, తీపి కొలతలూ మారిపోతాయి. అయినా ఆ అదృష్టం కూడా మాకు దక్కలేదు. సాయంత్రం ఆరింటికి కరెంటు తీసేశారు. కరెంటు పోతే ప్రోగ్రాం మళ్లీ మొదటి నుంచి రావాలి. ఆ కాలంలో జహీరాబాద్‌లో పొద్దునొకసారి, సాయంత్రమొకసారి కరెంటు తీసేవారు. ఇరవై రెండు గంటలు ఏకధాటిగా కరెంటు ఉన్న రోజు ఆ చలికాలంలో ఒక్కటీ లేదు.

మిల్లులో సొంత కరెంటు ఉంది కదా, యంత్రాన్ని అక్కడికి మార్చండని మేనేజర్ కాళ్లావేళ్లా పడ్డాను. అక్కడ బూడిద పడుతుంది, కొత్త యంత్రం పాడవుతుందన్నాడు. పోనీ ఇక్కడ జనరేటర్ పెట్టించండి అంటే వచ్చే ఏడు చూద్దామన్నాడు. వచ్చే ఏటికి డాస్‌కే కొత్త ప్రోగ్రాం రాయిస్తామని కూడా చెప్పాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. రోజూ పన్నెండింటికి మొదలుపెట్టడం, ఆరింటికి కరెంటు పోవడం, అట్లా వారం గడిచింది. మిల్లు ఆడటం మొదలైంది, చిట్టీలు లేవు. ఆఫీసర్ జేబులోంచి మళ్లీ నోటుబుక్కు పైకి వచ్చింది.

అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే నాకు ఒక ఉపాయం తట్టింది. తోటలన్నిటినీ ఒకేసారి పోల్చబట్టి కదా ఇంత ఆలస్యం? ఊరూరినీ విడగొట్టి, ఒక్కో ఊరిని విడిగా నడిపితే? ఒక ఊరిని నడిపి చూశాను. ముప్పావు గంటలో అయిపోయింది. ఎమ్యులేటర్‌ను నేనే గెలిచానన్నంత సంబరం. ఆ సాయంత్రమే సాబ్ ఇంటికి పోయి చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని తల ఊపుతూ విన్నాడు.

"ఊర్ల వరుస ఊర్లనే తెలుస్తది బిడ్డా. ఇయ్యాల ఏ ఊరికి ఎన్ని చిట్టీలో ఎవరు చెప్తరు?"

"ఆఫీసర్ చెప్తడు సాబ్."

"అయితె ప్రోగ్రాం ఎందుకు? నోట్‌బుక్ చాలదా?"

"ఏం లేనిదానికంటే మేలు కదా," అన్నాను కోపంగా. ఆయన అన్నది పట్టించుకోలేదు. కళ్లు లేని ముసలాయన, తన ప్రోగ్రాం ముక్కలు చేస్తున్నానని బాధపడుతున్నాడనుకున్నాను.

మరుసటి రోజు నా ఉపాయం ఆఫీసర్‌కు చెబితే పొంగిపోయాడు. పొంగిపోడా మరి. పొద్దున్నే కూర్చుని ఏ ఊరికి ఎంత అన్నది ఒక చీటీ మీద రాసిచ్చేవాడు. ఆ చీటీ చూసి నేను ఎమ్యులేటర్‌కు అంకె ఇచ్చేదాన్ని. అది ఆ ఊరి వరకు న్యాయంగా వరుస కట్టి చిట్టీలు ఇచ్చేది. పెద్దవాళ్ల ఊళ్లకు పెద్ద అంకెలు, ముందు వంతులు. రోజులో నాలుగైదు ఊళ్లు నడపడానికే పొద్దు సరిపోయేది. బయట మాత్రం అందరికీ మిషన్ నుంచి వచ్చిన చిట్టీ అనే చెప్పేవాళ్లం. ఆ మాటకు ఊళ్లల్లో అప్పటికే పరువుంది. దాన్ని మేం ఆ ఒక్క చలికాలంలో తినేశాం.

మొదటి రోజే ఆఫీసర్ కలం పట్టుకుని నన్ను అడిగాడు.

"ఏమ్మా, మీ ఊరు గా ఝరాసంగం దిక్కు గద. మీ అన్న తోట ఉన్నది. ఎంత రాయాలె?"

మాటలో నవ్వు ఉంది. గది నిండా జనం. ఫీల్డ్‌మన్లు, గుమస్తాలు, అందరూ నా వైపే చూస్తున్నారు. ఇన్నేళ్లూ ఒకరి చేత వేలెత్తి చూపించుకోలేదు, ఇప్పుడు మీటలు నా చేతిలో ఉన్నాయని మా అన్న తోట ముందు కోయించుకున్నానంటారు.

"మా ఊరిని అన్నిటికంటే చివర్ల పెట్టుండ్రి," అన్నాను.

ఎవరో శభాష్ అన్నారు. ఆఫీసర్ నా వైపు ఒకసారి చూసి, రాసుకున్నాడు. ఆ రోజంతా నేను తల ఎత్తుకుని తిరిగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా బాగా అనిపించింది.

చివర్లో పెడితే నెల ఆలస్యమవుతుందేమో అనుకున్నాను. మూడు నెలలైనా మా దిక్కు అంకె పడలేదు. మిల్లు రెండుసార్లు చెడిపోయింది. పెద్దవాళ్ల ఊళ్లు ముందు అనుకున్నదానికంటే ఎక్కువ చెరుకు తోలాయి. పుష్యం పోయింది. అన్న ఒకరోజు ఆఫీసుకొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. నేను మధ్యాహ్నం బయటికి వచ్చేదాకా కబురు కూడా పెట్టలేదు.

"ఊరికెనే వచ్చిన చెల్లె. వంతు ఎప్పుడొస్తదో జర అడుగుదమని."

"అందరికి వచ్చినప్పుడే వస్తది. మిషన్ చేస్తున్నది గద," అన్నాను. నా గొంతు నాకే గరుకుగా వినపడింది.

"గంతే లే. ఫికర్ లేదు," అని లేచి వెళ్లిపోయాడు. టీ తాగమంటే వద్దన్నాడు.

పదిహేను రోజులకు వదిన వచ్చింది. ఆమె ఒక్కతే బస్సెక్కి జహీరాబాద్ రావడం అదే మొదటిసారి. కంప్యూటరు గది తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండానే మాట్లాడింది.

"బాయి అడుగంటింది వదినె. చెరుకు పూతకొచ్చింది. మీ అన్న పొద్దంతా గట్టు మీదనే కూసుంటున్నడు, తింటలేడు. నువ్వు ఒక్క మాట చెప్తె అయితదట గద. ఒక్క చిట్టీ ఇయ్యి. నేను అడిగిన్నని ఆయనకు చెప్పకు."

నేను ఆమెను లోపలికి రమ్మనలేదు. గుమస్తా వింటున్నాడేమోనని గొంతు పెంచి మరీ చెప్పాను.

"గిసుంటి పనులకు ఇక్కడికి రావద్దు. ఒక్కలకు చేస్తె అందరికి చెయ్యాలె. నా నౌకరి తీయిస్తవా?"

ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. బస్సుకు ఇంకా రెండు గంటలు ఉంది, ఆ రెండు గంటలు ఎక్కడ కూర్చుందో నాకు తెలియదు. ఆ రోజు ఆఫీసర్ చీటీలో చిరాగ్‌పల్లి దిక్కు ఊళ్లు ఉన్నాయి. చిట్టీలన్నీ లెక్కగా తీసి, ఫీల్డ్‌మన్లకు ఇచ్చి ఇంటికి వెళ్లాను.

మా ఊరికి అంకె పడేసరికి ఫాల్గుణం సగమైంది. టోలీ పోయి తోట చూసి, కొడవలి కూడా పెట్టకుండా వెనక్కి వచ్చింది. ఎండిన చెరుకు మిల్లు తీసుకోదు. ఆ ఆదివారం నేను ఊరికి పోయాను. అన్న తన తోటకు తనే నిప్పు పెట్టాడు. పొలం శుభ్రం కావాలంటే ఇంకో దారి లేదు. నేను పోయేసరికి రెండెకరాలూ నల్లగా ఉన్నాయి, గట్టు మీద గడ్డి కూడా కాలిపోయింది. అన్న నన్ను ఒక్క మాట అనలేదు. వదిన నా ముఖం చూడలేదు. నాకు ఏడుపు వచ్చింది గానీ, ఏ ముఖం పెట్టుకుని ఏడుస్తాను?

మరుసటి చలికాలానికి అన్న కోత టోలీలో చేరాడు. మరాఠీ వాళ్లతో కలిసి, ఒకళ్ల తోట నుంచి ఇంకొకళ్ల తోటకు, కొడవలి చంకన పెట్టుకుని తిరిగాడు. వదిన వెనక మోపులు కట్టేది. పొలం బీడు పడింది. ఆ తర్వాత అతను మళ్లీ ఏదీ నాటలేదు.

అన్న టోలీలో చేరకముందు, తోట కాలిన తర్వాతి వానకాలంలో నేను ఒక పని చేశాను. వానలకు కరెంటు నిలకడగా ఉంది, ఆఫీసుకు రెండు రోజుల సెలవు వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఎమ్యులేటర్ తెరిచి, అన్ని ఊళ్ల తోటలనూ మళ్లీ ఒక్కటి చేసి, మిల్లు ఆడటం మొదలైన నాటి తేదీ కొట్టి, గదికి తాళం వేసి వెళ్లాను. ఎవరి తోటకు ఏ వారం వంతో చెప్పే పెద్ద జాబితా కూడా ఆ ప్రోగ్రాం ఇచ్చేది. సోమవారం పొద్దున వచ్చి చూస్తే పని పూర్తయి, 'ఏ' పక్కన బాణం వెలుగుతోంది. అచ్చు తీసి, అన్న తోట నంబరు వెతికాను. పుష్యమాసం మొదటి వారంలో ఉంది. బావిలో నీళ్లు ఇంకా నెలకు పైగా ఉండేవి. ఎమ్యులేటర్ ఒక్క తప్పు కూడా చేయలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ కాగితం పట్టుకున్నప్పుడు తెలిసింది. సాబ్‌కు చదివి వినిపిద్దామని ఆయన ఇంటి సందు దాకా పోయి, తిరిగి వచ్చేశాను. ఆయన మరుసటి ఏడు పోయాడు. కొత్త ప్రోగ్రాం రానే లేదు, ఆఫీసర్ చీటీలతోనే నేను ఇంకో రెండేళ్లు పనిచేశాను.

అన్నకు నిజం చెప్పడానికి నాకు ఆ రెండేళ్లు పట్టాయి. అన్న టోలీ మా ఆఫీసుకు దగ్గర్లోని ఒక తోటలో దిగినప్పుడు, మధ్యాహ్నం సద్ది తీసుకుని పోయాను. అతని చేతులకు చెరుకాకు కోసిన గాట్లు నిండా ఉన్నాయి. వదిన అవతల మోపుల దగ్గర ఉంది. అన్నం పెట్టి, తల వంచుకుని చెప్పాను.

"అన్నా, గా యేడు మన ఊరిని చివర్ల పెట్టమన్నది ఆఫీసర్ కాదు. నేనే."

అతను తినడం ఆపలేదు.

"ఎరుకనే చెల్లె," అన్నాడు. "నేను ఆఫీసుకు వచ్చిన్నాడే ఆఫీసర్ చెప్పిండు. నీ చెల్లె అసుంటి మనిషిని చూడలే, సొంత ఊరినే చివర్ల పెట్టిచ్చిందని మెచ్చుకున్నడు."

"ఎరుకైతె నన్నెందుకు అడగలే అన్నా?"

"అడిగితె నువ్వు కాదనవు. నా కోసం ముందటికి తెస్తువు. నీ పేరు పోతుండె. అందుకే మీ వదినెకు గూడ ఒట్టు పెట్టిచ్చిన, నీ దగ్గరికి పోవద్దని."

నేను తల ఎత్తి వదిన వైపు చూశాను. ఆమె మోపు కడుతూ మా వైపే చూస్తోంది. ఒట్టు తప్పి నా దగ్గరికి వచ్చిన సంగతి, నేను అన్న మాటలు, ఆమె ఇన్నాళ్లూ అతనికి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అన్న చేయి కడుక్కుని, కొడవలి తీసుకుని తోటలోకి పోయాడు.